75 వేల డాలర్ల వాదం: అభిప్రాయానికి ముందు పూర్వపక్షం కట్టే పద్ధతి

కేసు

ఆదాయం పెరిగే కొద్దీ మనిషి సంతోషం పెరుగుతూనే ఉంటుందా, ఒక స్థాయి దాటాక ఆగిపోతుందా? ఈ ప్రశ్నకు ఒకే శాస్త్ర పత్రికలో, పదకొండేళ్ల తేడాతో, ఒకదానికొకటి ఎదురుతిరిగే జవాబులు వచ్చాయి. 2010లో డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ ‘రోజువారీ సంతోషం ఒక చోట ఆగిపోతుంది’ అన్నారు. ఇద్దరూ అర్థశాస్త్రంలో నోబెల్ పొందినవారే: కానమన్‌కు 2002లో, డీటన్‌కు 2015లో వచ్చింది. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు ‘ఆగదు, పెరుగుతూనే ఉంటుంది’ అన్నారు. 2023లో కానమన్, కిల్లింగ్స్‌వర్త్ ఒకచోట కూర్చుని, బార్బరా మెల్లర్స్‌ను మధ్యవర్తిగా పెట్టుకుని, ఉమ్మడి పరిశోధన పత్రం రాశారు.

ఎదుటి పక్షాన్ని అర్థం చేసుకున్నాకే అభిప్రాయానికి రావడం ఎలాగో నేర్పడానికి ఇంత పనికొచ్చే కేసులు అరుదు. రెండు పక్షాల వాళ్లూ సమర్థులు, ఎవరి నిజాయితీ మీదా అనుమానం లేదు. డబ్బు, సంతోషం అనగానే ప్రతి ఒక్కరికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, కాబట్టి మనసు ఎటు లాగుతుందో కసరత్తు చేస్తున్నవాళ్లకే తెలిసిపోతుంది. పైగా చివరికి చిక్కుముడి విడింది, అందువల్ల మనం కట్టిన పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదాన్ని మన మాటల్లో నిలబెట్టిన తీరు, సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవచ్చు.

పద్ధతి కొత్తది కాదు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంస శాస్త్రంలో ఒక అధికరణాన్ని, అంటే ఒక చర్చాంశాన్ని, విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అనే వరుసలో నడుపుతారు. సిద్ధాంతం చెప్పేవాడు ముందు ఎదుటివాడి వాదాన్ని తానే నిలబెట్టి చూపాలి, ఆ తర్వాతే తన మాట. ఇక్కడ చేసేదీ అదే. కాకపోతే ఆధారాలు సర్వేలు, అంకెలు కాబట్టి కొన్ని దశలు అదనంగా కావాలి.

మొదటి రాత, అందులోని లోపాలు

పని ఒక కాగితంతో మొదలవుతుంది. ఎవరి వాదం మీకు నచ్చడం లేదో దాన్ని ఐదారు వాక్యాల్లో, ఆ వాదం చేసేవాళ్లు ‘అవును, మేం అన్నది ఇదే’ అని ఒప్పుకునేలా రాయాలి. విమర్శ ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ‘వాళ్ల ఉద్దేశం ప్రకారం’, ‘అని నమ్ముతారు’ లాంటి దూరం పెట్టే మాటలు కూడా వద్దు.

‘ఆదాయంతో సంతోషం పెరుగుతూనే ఉంటుంది’ అనుకునేవాళ్లను కానమన్, డీటన్ల వాదం రాయమంటే సాధారణంగా వచ్చే మొదటి రాత ఇలా ఉంటుంది:

‘ఏడాదికి 75 వేల డాలర్లు దాటితే డబ్బు మనిషికి సంతోషం ఇవ్వదు.’

చదవడానికి బాగానే ఉంది. పత్రికల్లో ఎక్కువగా తిరిగిన మాట కూడా ఇదే. కానీ అసలు పత్రం పక్కన పెట్టుకుని చూస్తే ఈ చిన్న వాక్యంలోనే నాలుగు తప్పులు దొరుకుతాయి.

ఒకటి, 75 వేలు ఒక మనిషి జీతం కాదు, అమెరికాలో కుటుంబం మొత్తం వార్షిక ఆదాయం. రెండు, వాళ్లు కొలిచినవి రెండు వేర్వేరు సంగతులు. ‘మీ జీవితానికి సున్నా నుంచి పది దాకా ఉన్న నిచ్చెన మీద ఏ మెట్టు ఇస్తారు’ అన్నది ఒకటి. ‘నిన్న ఎలా గడిచింది’ అన్నది రెండోది. మొదటిది 75 వేల దగ్గర ఆగలేదు, ఆదాయంతో పాటు పెరుగుతూనే పోయింది. ఆగింది రెండోది మాత్రమే. ఈ సంగతి ఆ పత్రం శీర్షికలోనే ఉంది. మూడు, ‘ఇవ్వదు’ అనడం కార్యకారణ సంబంధం చెప్పినట్టు అవుతుంది. ఆ సర్వే ఒకే మనిషికి ఆదాయం పెరిగితే ఏమైందో చూడలేదు, వేర్వేరు ఆదాయాల మనుషులను పక్కపక్కన పెట్టి పోల్చింది. నాలుగు, అది సగటుల గురించిన మాట, ప్రతి మనిషి గురించిన మాట కాదు.

ఇందులో రెండో తప్పు దగ్గర కాసేపు ఆగాలి. కానమన్ పక్షాన్ని వ్యతిరేకించేవాళ్లే కాదు, సమర్థించేవాళ్లు కూడా ఆ పత్రంలో సగాన్ని వదిలేసి మాట్లాడారు. ఎదుటి పక్షం గురించి మనకు తెలిసింది చాలావరకు దాని అభిమానులు, ప్రత్యర్థులు చెప్పగా విన్నదే. అందుకే పూర్వపక్షం రాసేటప్పుడు సారాంశాల మీద ఆధారపడకూడదు, మూలం తెరవాలి. పరిశోధన పత్రమైతే కనీసం సంగ్రహం, పద్ధతి చెప్పే భాగం, ముఖ్యమైన గ్రాఫ్, ఈ మూడూ చదవాలి. మాటల రూపంలో ఉన్న వాదమైతే ఆ పక్షంలో అందరికంటే బాగా చెప్పగలిగినవాడి రాత ఒకటి పూర్తిగా చదవాలి.

సరిచేసిన రాత ఇలా ఉంటుంది:

‘అమెరికాలో 2008, 2009 సంవత్సరాల్లో గాలప్ అనే సర్వే సంస్థ రోజూ సుమారు వెయ్యి మందిని అడిగిన సర్వేలో నాలుగున్నర లక్షలకు పైగా జవాబులు ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లు తమ జీవితానికి ఎక్కువ మార్కులు వేసుకున్నారు, ఈ పెరుగుదలకు హద్దు కనబడలేదు. నిన్నటి రోజు గురించి అడిగినప్పుడు మాత్రం సంతోషం, నవ్వు, దిగులు, ఒత్తిడి లాంటి వాటి విషయంలో సుమారు 75 వేల డాలర్లు దాటాక మెరుగుదల కనబడలేదు. ఆదాయం తక్కువైతే విడాకులు, అనారోగ్యం, ఒంటరితనం లాంటి కష్టాలు మరింత బాధిస్తాయి.’

మొదటి రాతకూ దీనికీ ఉన్న తేడా చూడండి. మొదటిదాన్ని ఖండించడానికి డబ్బున్న ఒక సంతోషజీవిని చూపిస్తే చాలు. రెండోదాన్ని ఖండించాలంటే పని చేయాలి. పూర్వపక్షం సరిగ్గా కుదిరిందనడానికి నేను చూసే గుర్తు అదే: రాశాక దాన్ని కొట్టేయడం ముందుకంటే కష్టం కావాలి.

రెండో పక్షం

ఇదే పనిని మనకు నచ్చిన పక్షానికీ చేయాలి. చాలామంది దీన్ని దాటేస్తారు, ‘మాది మాకు తెలుసు కదా’ అని. కిల్లింగ్స్‌వర్త్ వాదాన్ని రాయమంటే ‘డబ్బు ఎంత పెరిగితే అంత సంతోషం’ అని రాస్తారు. అసలు వాదం అది కాదు.

ఆయన మొబైల్ యాప్ ద్వారా మనుషులను రోజులో ఏదో ఒక క్షణాన పలకరించి ‘ఇప్పుడు ఎలా ఉంది’ అని అడిగారు. గాలప్ సర్వేలోలా ‘అవును’ లేదా ‘కాదు’ అని జవాబు చెప్పడం కాదు. ‘చాలా బాగాలేదు’ నుంచి ‘చాలా బాగుంది’ దాకా ఉన్న గీత మీద ఎక్కడైనా వేలు పెట్టవచ్చు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న 33,391 మంది నుంచి 17,25,994 జవాబులు వచ్చాయి. సంతోషం ఆదాయపు లాగరిథమ్‌తో పాటు తిన్నని గీతలా పెరిగింది, 75 వేల దగ్గర వంపు లేదు.

లాగరిథమ్ అన్న మాటను మింగేస్తే వాదం మారిపోతుంది. దాని అర్థం, లెక్క డాలర్లలో కాదు రెట్లలో అని. 20 వేల నుంచి 40 వేలకు వెళ్లినప్పుడు ఎంత తేడా కనబడుతుందో, 60 వేల నుంచి లక్షా ఇరవై వేలకు వెళ్లినప్పుడు సుమారు అంతే కనబడుతుంది. అంటే పై స్థాయిలో ఒక్కో వెయ్యి డాలర్లకు కనబడే తేడా చాలా తక్కువ. ‘పైకి పోయే కొద్దీ అదనపు డబ్బు విలువ తగ్గుతుంది’ అన్నది ఇరుపక్షాలూ ఒప్పుకునే మాటే. రెండు పక్షాలనూ జాగ్రత్తగా రాస్తే తగాదా ఎంత పెద్దదనుకున్నామో అంత పెద్దది కాదని ఇలాంటి చోటే తెలుస్తుంది.

ముడి ఎక్కడుంది

రెండు రాతలూ సిద్ధమయ్యాక పక్కపక్కన పెట్టి, ఒప్పుకున్నవి ఒక వరుసలో, తేడాలు ఒక వరుసలో రాయాలి. ఈ కేసులో తేడాల వరుస ఇది: కాలం (నిన్న, ఇప్పుడు), జవాబు రూపం (అవును లేదా కాదు, గీత మీద చుక్క), మనుషులు (వయోజనులందరూ, ఉద్యోగులు మాత్రమే), అడిగిన సాధనం (ఫోన్ కాల్, యాప్), సంవత్సరాలు.

ప్రతి తేడా పక్కనా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ‘గొడవకు కారణం ఇదే అయితే, ఇంకేం కనబడాలి?’ జవాబు రాయలేని తేడాను పక్కన పెట్టేయవచ్చు. ‘ఎవరు నిజాయితీపరులు’, ‘ఎవరికి పేరు ఎక్కువ’ అన్నవి ఈ వరుసలోకి రానే రాకూడదు. వచ్చాయంటే పని దారి తప్పిందన్నమాట.

ఇక్కడ తేల్చింది జవాబు రూపం. ‘నిన్న ఎక్కువసేపు సంతోషంగా ఉన్నారా’, ‘నిన్న బాగా నవ్వారా’ లాంటి ప్రశ్నలకు చాలామంది అవునంటారు. అన్నింటికీ అవునన్నవాళ్లలో ఒక మాదిరి సంతోషంగా ఉన్నవాళ్లూ ఉంటారు, ఆనందంలో తేలిపోతున్నవాళ్లూ ఉంటారు. కొలతలో ఇద్దరూ ఒకటే. వంద కిలోల దగ్గర ముల్లు ఆగిపోయే కాటా మీద బస్తాలు తూచి, వంద దాటిన బస్తాలన్నీ ఒకే బరువని తేల్చినట్టు అవుతుంది. ఆ ప్రశ్నలు సంతోషం పై మెట్లను విడదీయలేవు. అవి విడదీయగలిగింది కింది మెట్లనే, అంటే సంతోషం లేనివాళ్లను.

మరి కానమన్, డీటన్లు చూసింది అబద్ధమా? కాదు. వాళ్లు సంతోషం అనుకుని కొలిచింది నిజానికి సంతోషం లేకపోవడాన్ని. ఆదాయం పెరిగే కొద్దీ దుఃఖం తగ్గి, ఒక చోట ఆ తగ్గుదల ఆగిందన్నమాట.

పరీక్ష

ఈ ఊహ నిజమైతే ఒక విషయం కచ్చితంగా కనబడాలి: కిల్లింగ్స్‌వర్త్ సొంత డేటాలోనే, అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్నవాళ్లను మాత్రమే విడిగా తీసి చూస్తే, గీత ఒక చోట చదునవ్వాలి. మిగతావాళ్లలో చదునవ్వకూడదు. సగటు గీత చూస్తే ఇది తెలియదు, కాబట్టి ఉమ్మడి పత్రంలో ప్రతి ఆదాయ స్థాయిలోనూ సంతోషంలో అట్టడుగున, మధ్యలో, పైన ఉన్న వర్గాలను వేరు చేసి చూశారు.

అట్టడుగున ఉన్న సుమారు 15 నుంచి 20 శాతం మందిలో సంతోషం దాదాపు లక్ష డాలర్ల దాకా గబగబా పెరిగి, తర్వాత చదునైంది. మధ్యలో ఉన్నవాళ్లలో తిన్నగా పెరుగుతూ పోయింది. అందరికంటే సంతోషంగా ఉన్న వర్గంలో లక్ష దాటాక పెరుగుదల ఇంకా వేగం అందుకుంది. కింద చదునైనదీ, పైన ఎగబాకినదీ ఒకదాన్నొకటి సరిపెట్టుకోవడంతో సగటు గీత తిన్నగా కనబడింది. కిల్లింగ్స్‌వర్త్ చూసింది ఆ సగటునే.

దీన్ని ‘ఇద్దరూ సగం సగం కరెక్టు’ అని ముగిస్తే కేసు మొత్తం వృథా. 75 వేలకూ అనంతానికీ మధ్య ఎక్కడో నిజం ఉందని తేలలేదు. ప్రశ్నే తప్పుగా వేశామని తేలింది. ‘ఆదాయంతో సంతోషం ఎలా మారుతుంది’ అనడానికి బదులు ‘ఎలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు ఎలా మారుతుంది’ అని అడగాల్సింది. ఆదాయంతో పాటు సంతోషం జనంలో పంచబడే తీరే మారుతుందని ఇరుపక్షాలూ ముందు ఊహించలేదు, ఆ సంగతి ఉమ్మడి పత్రంలో వాళ్లే రాశారు. ఏ ఒక్క పక్షం దగ్గరా లేని జవాబు, రెండు పక్షాలనూ పూర్తిగా నిలబెట్టాక మాత్రమే కనబడింది. నా దృష్టిలో ఈ కేసు విలువంతా అక్కడే ఉంది.

ఎక్కడ చెడుతుంది

అన్నింటికంటే ఎక్కువగా చెడేది ‘నిష్పక్షపాతంగా చదువుతాను’ అన్న సంకల్పాన్ని నమ్ముకున్నచోట. 1979లో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెపర్ చేసిన ప్రయోగంలో మరణశిక్షను సమర్థించే 24 మంది, వ్యతిరేకించే 24 మంది విద్యార్థులకు ఒకే జత అధ్యయనాలు ఇచ్చారు. ఒకటి శిక్ష నేరాన్ని ఆపుతుందని, ఒకటి ఆపదని. చదివాక రెండు వర్గాలూ దగ్గరకు రాలేదు, తమ తమ నమ్మకం ఇంకా బలపడిందన్నారు. తమకు నచ్చని అధ్యయనంలోనే లోపాలు వెతికారు. 1984లో లార్డ్, లెపర్, ఎలిజబెత్ ప్రెస్టన్ దీనికి రెండు మందులు వేసి చూశారు. ‘జడ్జిలా నిష్పక్షపాతంగా ఉండండి’ అని చెబితే పని చేయలేదు. ‘ఇదే అధ్యయనం, ఇదే పద్ధతితో, ఎదుటి ఫలితం ఇచ్చి ఉంటే దాన్ని ఇలాగే అంచనా వేసేవారా అని ప్రతి దశలో మిమ్మల్ని మీరు అడుక్కోండి’ అంటే పని చేసింది.

కాబట్టి మంచి ఉద్దేశాన్ని ఒక పనిగా మార్చాలి. ఆధారం చదివేటప్పుడు ముందు పద్ధతి భాగం చదివి, ఫలితం చూడకుండానే ‘దీన్ని ఎంత నమ్మవచ్చు’ అని పదికి ఒక అంకె వేయాలి. ఆ తర్వాత ఫలితం చూడాలి. చూశాక అంకె మార్చాలనిపిస్తే, మార్చడానికి కారణం రాయాలి. కారణం రాయలేకపోతే పాత అంకే ఉంచాలి. ఐదు నిమిషాల పని, కానీ చదివేవాడి మొగ్గు ఎటుందో ఇంత స్పష్టంగా పట్టిచ్చే సాధనం నాకు ఇంకొకటి తెలియదు.

రెండోది, బృందంలో ఒకరికి ‘నువ్వు వ్యతిరేకించు’ అని వేషం అప్పగించడం. షార్లన్ నెమెత్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధనలో, నిజంగా ఆ అభిప్రాయం ఉన్నవాడు వాదించినప్పుడు మిగతావాళ్ల ఆలోచన విస్తరించినంతగా, వ్యతిరేకి పాత్ర పోషించినవాడు వాదిస్తే విస్తరించలేదు. వేషమని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ అంత పట్టించుకోరు. ఆ అభిప్రాయాన్ని నిజంగా నమ్మే మనిషిని వెతికి తెచ్చుకోవాలి. దొరికితే పూర్వపక్ష పత్రం ఆయన చేతికిచ్చి రెండే అడగాలి: ఏది తప్పుగా రాశాం, ఏది వదిలేశాం? ‘మీరు ఒప్పుకుంటారా’ అని మాత్రం అడగకూడదు. అక్కడితో సవరణ ఆగి, వాదం మొదలైపోతుంది.

మూడోది, ప్రతి విషయానికీ రెండు సమానమైన పక్షాలు ఉంటాయనుకోవడం. పూర్వపక్షం కట్టడం అంటే దానికి సగం మార్కులు ఇవ్వడం కాదు. ముడి వెతికే దశలో ఒక పక్షం ‘మాది నిజమైతే ఫలానాది కనబడాలి’ అని ఏదీ చెప్పలేకపోయినా, చెప్పింది వెతికినప్పుడల్లా కనబడకపోయినా, ఆ పక్షాన్ని అక్కడే వదిలేయడం న్యాయం. ఈ కేసులో ఇరుపక్షాలూ స్పష్టంగా చెప్పగలిగాయి, అందుకే ముందుకు సాగింది.

విలువల మీద తగాదా అయితే ఈ పద్ధతి కొంతవరకే లాక్కొస్తుంది. వాస్తవాల్లో ఎక్కడ ఒప్పుకున్నారు, విలువల్లో ఎక్కడ విడిపోయారు అన్నది విడదీసి చూపిస్తుంది, అంతే.

ఇంకో మాట మధ్యవర్తి గురించి. 2001లో కానమన్, రాల్ఫ్ హెర్ట్‌విగ్‌ల మధ్య వేరే విషయం మీద వచ్చిన విభేదానికి కూడా మెల్లర్సే మధ్యవర్తి. ఇద్దరి భాషా తెలిసి, ఇద్దరూ గౌరవించే మనిషి ఉండటం చిన్న విషయం కాదు. అలాంటివారు లేనప్పుడు కనీసం ఏ పరీక్ష ఫలితం ఎవరి వాదాన్ని దెబ్బ తీస్తుందో ముందుగానే రాసి, ఇద్దరూ సంతకం చేసి పెట్టుకోవాలి. ఫలితం వచ్చాక ‘ఆ పరీక్ష అసలు సరైంది కాదు’ అనే దారి దాంతో మూసుకుపోతుంది.

అభిప్రాయం రాయడం

పూర్వపక్షం కట్టడంలోనే మునిగిపోయి అభిప్రాయానికి రాకపోవడం కూడా వైఫల్యమే. రెండు పత్రాలూ సరిచూసి, ముడి దొరికి, పరీక్ష ఫలితం చేతికొచ్చాక ఆగి రాయాలి. ఒక్క పేరా చాలు. అందులో నాలుగు ఉండాలి: ఏం నమ్ముతున్నాం, ఎంత గట్టిగా, ఎంతవరకు వర్తిస్తుంది, ఏం కనబడితే మార్చుకుంటాం.

ఈ కేసుకు అది ఇలా ఉంటుంది:

‘అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పెద్దల్లో, కుటుంబ ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లు సగటున ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇది 75 వేల డాలర్ల దగ్గర ఆగదు. ఎక్కువ ఆదాయం ఉన్నా సంతోషం లేని ఒక చిన్న వర్గానికి మాత్రం సుమారు లక్ష దాటాక అదనపు ఆదాయంతో మెరుగుదల కనబడదు. ఈ వివరణను గట్టిగానే నమ్ముతున్నాం, ఎందుకంటే ఎదుటి పక్షం డేటాలోనే పరీక్షించి చూశారు. ప్రభావం పరిమాణం చిన్నది. ఆదాయం సుమారు నాలుగు రెట్లు తేడా ఉన్నవాళ్ల మధ్య సంతోషంలో కనబడే తేడా, వారాంతానికీ పనిరోజుకూ మధ్య ఉండే తేడా అంత. తలనొప్పి తెచ్చే తేడాలో మూడో వంతు కూడా కాదు. డబ్బే సంతోషానికి కారణమని ఈ డేటా ఒక్కటే చెప్పలేదు.’

పరిమాణం గురించిన వాక్యాలను చాలామంది వదిలేస్తారు. ‘పెరుగుతుందా, పెరగదా’ అన్న తగాదాలో పడి ‘ఎంత’ అన్నది అడగరు. ఇరుపక్షాలూ హోరాహోరీగా పోరాడిన సంగతి చివరికి తలనొప్పి కంటే చిన్నదని తెలిస్తే, ఆ అభిప్రాయాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది కూడా మారుతుంది.

ఇక ‘ఏం కనబడితే మార్చుకుంటాం’ అన్న గడి. ఇక్కడ మిగిలిన అసలు సందేహం కార్యకారణం. అదృష్టం కొద్దీ డబ్బు వచ్చిపడినవాళ్లను చూస్తే ఆ సందేహం కొంత తీరుతుంది. స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్ల మీద ఎరిక్ లిండ్‌క్విస్ట్, రాబర్ట్ ఎస్ట్లింగ్, డేవిడ్ సెసరీనీ 2020లో ప్రచురించిన అధ్యయనం అలాంటిదే. పెద్ద మొత్తం గెలిచినవాళ్లలో జీవితం మీద సంతృప్తి పెరిగి, పదేళ్లు దాటినా నిలిచింది. సంతోషం మీదా, మానసిక ఆరోగ్యం మీదా ప్రభావం దానికంటే బాగా తక్కువ. అంటే 2010 పత్రంలో అందరూ దాటేసిన ఆ సగం, జీవితానికి మార్కులు వేయడం వేరు, రోజు ఎలా గడిచిందన్నది వేరు అన్న విభజన, వేరే దేశంలో, వేరే పద్ధతిలో మళ్లీ ఎదురైంది. ఇది దొరికిన రోజున అభిప్రాయ పత్రంలో ఒక వాక్యం కొట్టేసి రెండు వాక్యాలు చేర్చాలి, పక్కన తేదీ వేయాలి.